ఇంట్లో ఇద్దరికీ ఆయాసమే, మరి పంపులు వేరెందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. మీకు చిన్నప్పటి నుంచి ఆస్తమా. బీడీలు కాల్చే మీ నాన్నగారికి ఈమధ్య సీఓపీడీ (ఏళ్ళ తరబడి పీల్చిన పొగతో ఊపిరి గొట్టాలు దెబ్బతినే జబ్బు) అన్నారు. ఇద్దరికీ వచ్చేది ఆయాసమే కాబట్టి ఒకరి పంపు (ఇన్‌హేలర్) ఇంకొకరు వాడుకోవచ్చా, ఇవి అలవాటైపోతాయా, మాత్రలతో సరిపెట్టుకోకూడదా అని అడిగారు.

మాదీ అచ్చం అలాంటి ఇల్లే. నాకు ఆస్తమా, మా మామగారికి సీఓపీడీ. ఆయన చుట్టల మనిషి. మేముండేది వైజాగ్ వన్‌టౌన్‌లో, బురుజుపేటకు దగ్గర. మార్గశిరంలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి జనం పోటెత్తే రోజుల్లోనే చలి, పొగమంచు, దుమ్ము అన్నీ కలిసి మా ఇద్దరికీ పిల్లికూతలు మొదలవుతాయి. నేను డాక్టర్ని కాదు. కానీ ఇద్దరి మందుల డబ్బా సర్దేది నేనే, చీటీలు పట్టుకుని డాక్టర్ని ప్రశ్నలతో విసిగించేదీ నేనే.

ఇద్దరికీ ఉమ్మడిగా పనికొచ్చేది ముఖ్యంగా నీలం పంపు. అదే సాల్బుటమాల్, ఆస్థాలిన్ పేరుతో ఎక్కువమందికి తెలుసు. బిగుసుకున్న ఊపిరి గొట్టాల కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది, నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తుంది. అక్కడితో దాని పని సరి, రోగం జోలికి పోదు. ఉమ్మడి మందు అన్నాను కదా అని ఒకే పంపు ఇద్దరూ నోట్లో పెట్టుకోకండి, ఎవరిది వాళ్ళకుండాలి.

ఇక రోజూ వాడే మందుల దగ్గర దారులు వేరవుతాయి. ఆస్తమాలో అసలు గొడవ ఊపిరి గొట్టాల లోపలి వాపు. దాన్ని తగ్గించేది పీల్చే స్టెరాయిడ్: బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్ లాంటివి. అది లేకుండా ఒట్టి నీలం పంపుతో నెట్టుకురావద్దని గినా అనే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచి గట్టిగా చెబుతున్నాయి. సీఓపీడీలో ఏళ్ళ తరబడి పీల్చిన పొగ వల్ల గొట్టాలు, గాలి తిత్తులు దెబ్బతిని ఉంటాయి. పొగంటే చుట్ట, బీడీలే అనుకోకండి, కట్టెల పొయ్యి కూడా. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలకు దగ్గు ఎందుకు పోదో వేరే చెప్పాలా! అక్కడ ముందుగా ఇచ్చేవి గొట్టాలను ఎక్కువసేపు తెరిచి ఉంచే మందులు. టయోట్రోపియం (మన షాపుల్లో టయోవా), గ్లైకోపిరోనియం ఆ కోవలోవి. వీటికి ఫార్మోటెరాల్ లాంటిది జతచేస్తారు. స్టెరాయిడ్ అందరికీ రాయరు. రోగం మాటిమాటికీ ముదిరేవాళ్ళకు, రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 300 దాటినవాళ్ళకు దానివల్ల లాభం ఎక్కువ. మిగతావాళ్ళకు లాభం తక్కువ, పైగా న్యుమోనియా వచ్చే అవకాశం పెరుగుతుంది.

కాబట్టి మీ నాన్నగారి పంపు మీరు వాడితే వాపుకు మందే అందకపోవచ్చు. ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ లాంటివి స్టెరాయిడ్ తోడు లేకుండా ఆస్తమావాళ్ళు వాడటం ప్రమాదం కూడా. పైకి హాయిగానే ఉంటుంది, లోపల వాపు పెరుగుతూ పోతుంది. మీది ఆయన వాడితే అవసరం లేని స్టెరాయిడ్ పీల్చినట్టు కావచ్చు. రెండు జబ్బులూ కలిసి ఉండేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ లెక్క వేరు.

ఏది ఏదో తేల్చేది ఊదే పరీక్ష, అదే స్పైరోమెట్రీ. మందు పీల్పించిన తర్వాత కూడా మొదటి సెకనులో వదిలిన గాలి, మొత్తం వదిలిన గాలిలో 70 శాతానికి తక్కువే ఉంటే సీఓపీడీ వైపు చూస్తారు. మా మామగారిని వాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఒక పెద్ద పని. ఊళ్ళో అందరూ దాన్ని ఇప్పటికీ టీబీ ఆసుపత్రి అనే అంటారు. "నాకు టీబీ లేదమ్మా, నేనెందుకు రావాలి" అని ఆయన గుమ్మం దాటేవారు కాదు. చివరికి మా అత్తగారు చెబితే కదిలారు.

అలవాటు సంగతి. ఇన్‌హేలర్లకు మత్తుమందుల్లా బానిసలవడం ఉండదండీ. నీలం పంపు అవసరం పెరుగుతోందంటే రోగం అదుపు తప్పుతోందని అర్థం. ఆస్తమావాళ్ళు 200 పఫ్‌ల పంపులు ఏడాదికి మూడు, అంతకన్నా ఎక్కువ ఖాళీ చేస్తుంటే పెద్ద ఎటాక్ వచ్చే ముప్పు పెరిగినట్టే. మందుల షాపులో ఇంకోటి కొని ఊరుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన సమయం అది.

మాత్ర మెతకది, పంపు గట్టి మందు అని మా చుట్టాలు కూడా అంటుంటారు. నిజం తలకిందులు. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు. పంపు రెండు పఫ్‌లు కలిపి 200 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో ఇరవై రెట్ల మందు, అదీ ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. చేతులు వణకడం, గుండె దడ అందుకే. డెరిఫిల్లిన్ లాంటి థియోఫిలిన్ మాత్రలైతే మరీ జాగ్రత్త. పనిచేసే మోతాదుకు, వికటించే మోతాదుకు మధ్య దూరం తక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది. మా ఇంట్లో తెలిసిన ఇంకో విశేషం: పొగ తాగేవాళ్ళ ఒంట్లో ఈ మందు త్వరగా కరిగిపోతుందట. మామగారు చుట్ట మానేశాక అదే మాత్ర ఆయనకు ఎక్కువైంది, వికారం, దడ. డాక్టర్ మోతాదు తగ్గించారు. చుట్ట మానేస్తే మందు తగ్గించాల్సి వస్తుందని మాకెవరికీ తట్టలేదు.

వాడే పద్ధతి కూడా ఒక్కటి కాదు. నొక్కే పంపైతే ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. క్యాప్సూల్ వేసే రోటాహేలరైతే గట్టిగా, జోరుగా లాగాలి, దానిలోకి ఊదకూడదు. రెండింటికీ పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగపట్టాలి. మా వీధిలో ఒకావిడ ఆ క్యాప్సూల్స్‌ను మంచినీళ్ళతో మింగేది, ఎవరూ చెప్పలేదట పాపం! పెద్దవాళ్ళకు నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరదు, స్పేసర్ (పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం) పెట్టండి. దాన్ని సబ్బునీళ్ళలో కడిగి అలాగే ఆరనివ్వాలి, గుడ్డతో తుడిస్తే మందు గోడలకు అంటుకుంటుంది. స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేదంటే నాలుక మీద తెల్లపూత వస్తుంది.

ఫోరాకోర్ట్‌లో ఉండే ఫార్మోటెరాల్ (ఆ పంపులో స్టెరాయిడ్ కూడా కలిసే ఉంటుంది) త్వరగా పనిచేస్తుంది కనుక కొందరు ఆస్తమావాళ్ళకు రోజువారీకీ, ఆయాసానికీ అదే రాస్తారు. సెరోఫ్లోలో ఉండే సాల్మెటెరాల్ నిదానం. ఆయాసం వచ్చినప్పుడు దాన్ని నమ్ముకోవద్దు.

మిగతా డాక్టర్లకు కూడా జబ్బు సంగతి చెప్పండి. నీటికాసులకు వేసే టిమోలాల్ కంటి చుక్కలు, దడకూ మైగ్రేన్‌కూ రాసే ప్రొప్రనొలాల్ ఊపిరి గొట్టాలను బిగించేయగలవు. కొందరు ఆస్తమావాళ్ళకు ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా పడవు.

మృగశిర కార్తెకు చేప మందు కోసం హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. నమ్మకం మీది, వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, పంపు మాత్రం సంచిలో ఉండాలి. పేరూ ఊరూ లేని ఆయాసం పొడులకు మాత్రం దణ్ణం పెట్టేయండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే షుగరు, ఎముకలు గుల్లబారడం లాంటివి ఆనక బయటపడతాయి.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నల్లబడటం, నీలం పంపుకు లొంగకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆలోచించకుండా, వైజాగ్‌లో అయితే ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకో వెళ్ళండి, దారిలో స్పేసర్‌తో పఫ్‌లు ఇస్తూనే ఉండండి. అక్కడ మీ నాన్నగారికి సీఓపీడీ అని ముందే చెప్పి పాత చీటీలు చూపించండి. వీళ్ళకు ఆక్సిజన్ ఎక్కువ పెడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయే ప్రమాదం ఉంది, అందుకే వేలికి పెట్టే యంత్రంలో ఆక్సిజన్ రీడింగ్ 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా చూస్తారు. అది 99కి రాలేదని మీరు కంగారుపడి సిలిండర్ తిప్పకండి.