కాలిఫోర్నియా ట్యాక్స్ బోర్డు (ఎఫ్‌టీబీ) జీతం పట్టుకుంటే కార్డు మీద అప్పు తేకండి

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం, ఇద్దరు పిల్లలు, హెచ్-1బీ వీసా. 2023లో కంపెనీ షేర్లు అమ్మి ఫెడరల్ ట్యాక్స్ కట్టేశాను. కాలిఫోర్నియా రిటర్న్ వేశాను కానీ డబ్బు తర్వాత కడదామనుకున్నాను. మిగిలినదంతా షాద్‌నగర్‌లో ప్లాటుకు పంపాం. ఈలోపు ఇల్లు మారాం. పోయిన నెల చేతికి రావాల్సిన 6,800 డాలర్లలో 1,700 కోసేశారు. పెనాల్టీ, వడ్డీ కలిపి బాకీ 8,500. బ్యాంకులో 1,900 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసి ఒకేసారి కట్టేయనా?

జవాబు: వద్దు. కార్డు మీద తీసిన క్యాష్‌కు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, పైగా ఫీజు. స్టేట్ వేసే వడ్డీ కన్నా అది చాలా ఎక్కువ. మీ లెక్కే చూడండి: నెలకు 1,700 చొప్పున ఐదు నెలల్లో బాకీ దాదాపు తీరిపోతుంది. ఐదు నెలల ఇబ్బందిని ఏళ్ల తరబడి మోసే కార్డు అప్పుగా మార్చుకుంటానంటే నేను ఒప్పుకోను.

ఈ కోతకు కోర్టు తీర్పు అక్కర్లేదు, అదే చాలామందికి తెలియదు. నోటీసులకు జవాబు రాకపోతే స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ వసూలు చేసే ఫ్రాంచైజ్ ట్యాక్స్ బోర్డు (ఎఫ్‌టీబీ) నేరుగా మీ కంపెనీకి ఉత్తర్వు పంపుతుంది. తప్పనిసరి మినహాయింపులు పోగా మిగిలిన జీతంలో 25 శాతం దాకా, బాకీ తీరేవరకూ కంపెనీ కోసి పంపాల్సిందే. బ్యాంకుకూ పంపగలరు. బ్యాంకు ఆ డబ్బు పది రోజులు ఆపి, తర్వాత బోర్డుకు కట్టేస్తుంది. నోటీసులు పాత ఇంటికి వెళ్లాయి కాబట్టి మీకు ఇదంతా హఠాత్తుగా జరిగినట్టుంది.

రేపే బోర్డుకు ఫోన్ చేయండి. అద్దె, పిల్లల ఖర్చు, బిల్లుల కాగితాలు చూపించి, ఇల్లు గడవడం లేదని, కోత తగ్గించమని అడగండి. 25,000 డాలర్ల లోపు బాకీకి 60 నెలల దాకా వాయిదాల పద్ధతి కూడా ఉంది. కోత పడకముందే అడిగి ఉంటే మీ పని చాలా తేలికయ్యేది.

401(కె), అంటే కంపెనీ ద్వారా ఉండే రిటైర్మెంట్ ఖాతా, దాని మీద లోన్ జోలికీ వెళ్లకండి. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి గడువు 60 రోజుల దాకానే. ఆ లోన్ సమయానికి తీర్చలేకపోతే అది విత్‌డ్రాయల్ కింద లెక్క. మామూలు ట్యాక్స్ కాక, ఆ మొత్తం మీద ఫెడరల్ 10 శాతం, కాలిఫోర్నియా 2.5 శాతం అదనం. స్నేహితుల దగ్గర చేబదులు వడ్డీ లేకుండా దొరికితే మీ ఇష్టం.

నన్ను నిజంగా బాధపెట్టింది ఆ 1,900. ఇద్దరు పిల్లలతో, ఉద్యోగం మీద ఆధారపడిన వీసాతో ఉన్న ఇంట్లో అది ఒక నెల అద్దెకైనా సరిపోదు. షేర్ల డబ్బులో ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టి, మిగిలితేనే ప్లాటు గురించి ఆలోచించాల్సింది. ఆ డబ్బు ఉంటే ఏప్రిల్‌లోనే స్టేట్‌కు కట్టేసేవారు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఎంతోమందిది ఇదే తీరు: ఊళ్లో భూమి ఉంటుంది, ఇక్కడ చేతిలో పైసా ఉండదు. ప్లాటు వాయిదాలు ఇంకా ఉంటే గడువు అడగండి. బోర్డుతో మాట కుదిరాక నెలకు 300 అయినా సేవింగ్స్‌లో వేయండి, కోత ఆగిన నెల నుంచి ఆ 1,700 మొత్తం అందులోకే మళ్లించండి. ఆరు నెలల ఖర్చు నిండేదాకా ఇండియాకు పెట్టుబడి పంపొద్దు.

ఫోన్‌లో ఉండగానే కొత్త అడ్రస్ కూడా ఎక్కించమనండి. ఈ ఏడాది మళ్లీ షేర్లు అమ్మే ఆలోచన ఉంటే కంపెనీకి డీఈ 4 ఫారం ఇచ్చి జీతంలో నెలనెలా పట్టుకునే స్టేట్ ట్యాక్స్ ఇప్పుడే పెంచుకోండి.