టైరు పక్కన ఉన్న అంకెలు, అక్షరాలు

ప్రశ్న: ఒకరు వాడిన కారును ఈ మధ్యే కొన్నాను. టైర్ల గాడులు లోతుగానే ఉన్నాయి. అయినా మెకానిక్ వంగి ఒక్కసారి చూసి, ఇవి పాతబడ్డాయి, మార్చాల్సిందేనన్నాడు. టైరు పక్కన 195/65 ఆర్ 15 91 హెచ్ అని ఉంది. గరిష్ఠ పీడనం 51 పి.ఎస్.ఐ. అని కూడా ఉండటంతో నేను 45 దాకా గాలి పట్టిస్తున్నాను. ఈ అంకెలను ఎలా చదవాలి? మెకానిక్ మాట నమ్మవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: గాలి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని మీరు ఈ రోజే సరిచేసుకోవాలి. టైరు మీద అచ్చు వేసిన 51 ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనమే తప్ప, మీ కారుకు పట్టించవలసిన పీడనం కాదు. ఒకే టైరును బరువులో తేడా ఉన్న ఎన్నో రకాల కార్లకు బిగిస్తారు కాబట్టి, ఏ కారుకు ఎంత గాలి కావాలో టైరును తయారుచేసిన కంపెనీ చెప్పజాలదు. ఆ లెక్కను కారు కంపెనీయే తేల్చి, డ్రైవరు తలుపు తెరవగానే కనిపించే స్తంభం మీదనో, పెట్రోలు మూత లోపలి వైపునో స్టిక్కరుగా అతికిస్తుంది. చాలా కార్లకు అది 30, 36 మధ్య ఉంటుంది. 45 పట్టిస్తే టైరు నడిమి భాగం ఉబ్బి, నేలకు ఆనే మేర తగ్గిపోయి, తడి రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు పట్టు సరిగా దొరకదు. అరుగుదల కూడా నడుమనే ఎక్కువగా ఉంటుంది. అలాగని గాలి తగ్గితే మంచిదని కాదు, అది మరింత ప్రమాదం: పక్క భాగం ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ వేడెక్కి, వేగంగా వెళ్తున్నప్పుడు పేలిపోవచ్చు. పీడనాన్ని బండి కదలక ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడండి. కొంత దూరం నడిచాక టైర్లు వేడెక్కి, మీటరు ఎక్కువ చూపుతుంది.

ఇక మీ టైరు మీది వరుస. 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం ఎత్తు పక్క భాగానికి ఉందని, అంటే దాదాపు 127 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియస్ అని చాలామంది పొరబడతారు; అది రేడియల్‌కు గుర్తు, టైరు లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే నిర్మాణమని దాని అర్థం. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 91 కిలోల లెక్క కాదు, బరువుల పట్టికలో ఒక వరుస సంఖ్య. దాని ప్రకారం ఆ ఒక్క టైరు 615 కిలోలు మోయగలదు. నాలుగింటికీ కలిపి 2460 అవుతుంది గదా అని అంత బరువూ ఎక్కించకూడదు, ఎందుకంటే కారు బరువు నాలుగు చక్రాల మీదా సమంగా పడదు, బ్రేకు వేసిన ప్రతిసారీ ముందుకు తూలుతుంది. చివరి హెచ్ గంటకు 210 కిలోమీటర్ల వరకు అనుమతిని సూచిస్తుంది. ఈ అక్షరాలు వర్ణమాల క్రమంలోనే ఉంటాయనుకోకండి: టి 190, యు 200, ఆ తరువాత హెచ్ 210, దాని మీద వి 240.

మీ మెకానిక్ చూసింది బహుశా ఇవేవీ కావు. డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే ఒక వరుస చివర, సాధారణంగా కోడిగుడ్డు ఆకారపు గీత మధ్యలో, నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే ఆ టైరు 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఈ అంకెలు కొన్ని టైర్లకు ఒక పక్కనే ఉంటాయి. అది లోపలి వైపుకు వచ్చి ఉంటే, ముందు చక్రాల విషయంలో స్టీరింగును పూర్తిగా తిప్పి, టార్చి వేసి చూడవలసి వస్తుంది. నాలుగు బదులు మూడే అంకెలు ఉంటే అది 2000కు ముందుది, దాన్ని వాడనే కూడదు. గాడులు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గాలికీ ఎండకూ ఏళ్ల తరబడి గట్టిపడి, పక్క భాగంలో సన్నని నెర్రెలు ఇస్తుంది. అలాంటి టైరు పైకి కొత్తదిలా కనిపించడమే అసలు ప్రమాదం. అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి తెలిసినవారికి చూపించాలి. పదేళ్లు నిండితే నెర్రెలు లేకపోయినా తీసేయాలి. మీ కారుకు ఆ నాలుగు అంకెలు చూడండి, మెకానిక్ మాట నిజమో కాదో అవే చెబుతాయి. డిక్కీలోని స్టెప్నీని కూడా దించి చూడండి. అరిగింది లేదు గనుక దాని వయసు ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: 195/65 ఆర్ 15 టైర్లకు బదులు 16 అంగుళాల చక్రాలతో 205/55 ఆర్ 16 వేయిద్దామని మా అబ్బాయి అంటున్నాడు. స్పీడోమీటరు తప్పు చూపుతుందా?
- మరో పాఠకుడు

జవాబు: లెక్క వేసి చూద్దాం. ఇప్పటి చక్రానికి రిమ్ము 381, పైన, కింద పక్క భాగాలు 126.75 చొప్పున, మొత్తం 634.5 మిల్లీమీటర్లు. కొత్తదానికి 406.4కు రెండు 112.75లు కలిపితే 631.9. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు, స్పీడోమీటరుకు అది పట్టదు. అయితే బరువు సంఖ్య, వేగం అక్షరం పాతవాటికంటే తగ్గకూడదు, ఆ కొలత మీ కారు కంపెనీ ఒప్పుకున్నవాటిలో ఉండాలి. ఇంకో మాట, పక్క భాగం 14 మిల్లీమీటర్లు తగ్గింది. గుంతలో పడినప్పుడు ఆ రబ్బరే రిమ్మును కాపాడుతుంది. రోడ్లు బాగాలేని చోట తిరిగేవారికి నేనయితే పాత కొలతే మంచిదంటాను.

ప్రశ్న: కొత్త టైరు మీద పసుపు చుక్క, బాణం గుర్తు ఉన్నాయి. అవి ఎందుకు?

జవాబు: పసుపు చుక్క టైరు చుట్టులో అన్నిటికంటే తేలికగా ఉన్న చోటు. గాలి పట్టే వాల్వు దగ్గర చక్రం కాస్త బరువుగా ఉంటుంది కాబట్టి, ఆ చుక్కను వాల్వు పక్కనే వచ్చేలా బిగిస్తే బ్యాలెన్సింగుకు రిమ్ముకు తగిలించే బరువు బిళ్లలు తక్కువే సరిపోతాయి. బాణం చక్రం తిరగవలసిన దిశ. కారు ముందుకు కదిలినప్పుడు టైరు అటే తిరగాలి, లేకపోతే వానలో గాడులు నీటిని బయటికి తోయవలసినంతగా తోయవు.