ఎనిమిదో తరగతిలోనే కాలేజీ పని

చదువుల గురించి మీరడిగిన ప్రశ్నలకు జవాబులు. రాస్తున్నది 31 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటి దగ్గర బట్టలు కుడతాను. మా ఆయన ఆటో నడుపుతారు. పాప మా జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. క్లాసులో మొదటి ముగ్గురిలో ఉంటుంది. ఇంజనీరింగ్ చదవాలని దాని కోరిక. వచ్చే ఏడు టౌన్లో ప్రైవేటు స్కూల్లో ఐఐటీ ఫౌండేషన్‌లో వేయమని మా ఆడపడుచు ఒకటే పోరు. ఏడాదికి 70 వేలట. చీటీ పాడి కడదామా అని నేను. కాలేజీకి ఇంకా రెండేళ్లు పైనే ఉంది, ఇప్పుడే ఏం తొందర అని మా ఆయన. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, మార్కాపురం

జవాబు: అమ్మా, తొందర ఉందన్న మాట వరకు మీ ఆడపడుచుదే రైటు. చీటీ మాత్రం పాడకండి.

లెక్కల టీచర్ని కదా, ముందు లెక్క వేసి చూపిస్తాను. మీ పాప సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది కాబట్టి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50). ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12 వేలు పాప ఖాతాలో పడతాయి. నాలుగేళ్లకు 48 వేలు. మన రాష్ట్రానికి ఏటా 4,087 మందికి ఇస్తారు. ఈ పరీక్ష ఎనిమిదిలో రాస్తేనే. తొమ్మిదిలోకి వెళ్లాక ఎంత తెలివైన పిల్లయినా తలుపు మూసినట్టే. పైగా ప్రైవేటు బడి పిల్లలకు ఇది లేదు. అంటే తొమ్మిదిలో బడి మార్చారా, వచ్చిన స్కాలర్‌షిప్ కూడా పోతుంది.

రెండోది, ఇంటర్, బీటెక్ ఒకేచోట చదివించే ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతో సీట్లు ఇచ్చేటప్పుడు హాస్టల్ లేని సర్కారు బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. ఆ నాలుగు శాతం దగ్గరే ఎన్ని సీట్లు అటూ ఇటూ అవుతాయో నేను చూశాను. 70 వేలు కట్టి మరీ దాన్ని వదులుకోవడం ఎందుకు?

ఇప్పుడు మీ ఆయనకు చెప్పాల్సిన మాట. రేపు ఆదివారం ఆటో పక్కన పెట్టి ఒక గంట కూర్చోమనండి. పాప ఆధార్ కార్డు, బడిలో అడ్మిషన్ రిజిస్టరులో రాసిన పేరు, పుట్టిన తేదీ, మీ రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం పక్కపక్కన పెట్టుకుని ఇంగ్లిషు అక్షరం అక్షరం వేలు పెట్టి సరిచూడండి. ఇంటిపేరు ముందుందా వెనకుందా, పొట్టి అక్షరంతో ఉందా పూర్తిగా ఉందా, అన్నీ.

ఇంత చాదస్తం నాకెందుకంటే, ఒక తప్పు నా చేతుల మీదే జరిగింది. మా క్లాసులో ఒక పిల్ల ఉండేది. బడిలో అందరికీ దుర్గ. దరఖాస్తులో నేనే ఆ పేరు రాసి పంపాను. పరీక్షలో ఎంపికైంది, నోటీసు బోర్డు దగ్గర ఆ పిల్ల వాళ్ల నాయనమ్మ నాకు పకోడీ పొట్లం కూడా ఇచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. ఆధార్‌లో ఆ పిల్ల పేరు నాగదుర్గ. సరిచేయడానికి తిరిగిన తిరుగుళ్లలోనే మొదటి ఏడాది పోయింది. 12 వేలంటే ఆ ఇంట్లో ఒక పాడి బర్రె మీద తీసుకున్న అప్పు. నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ.

పేర్లు సరిపోతే తర్వాత బ్యాంకు. పాప పేరున ఖాతా ఉంటే చాలదు. ఆధార్ నంబరు ఇచ్చాం కదా అని ఊరుకోవద్దు. కౌంటర్లో ‘ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అయిందా’ అని ఆ మాటే అడగండి. అంటే సర్కారు డబ్బు పడేందుకు ఆధార్‌ను ఈ ఖాతాకు ముడిపెట్టారా అని. స్కాలర్‌షిప్ డబ్బు దాని ప్రకారమే వెళ్తుంది. రెండు ఖాతాలుంటే చివరగా ఏది ముడిపెట్టారో దాంట్లో పడుతుంది. పాపం, ఎంతమంది తల్లులు ఒక పాస్‌బుక్కు పట్టుకుని ఎదురు చూస్తుంటే డబ్బు ఇంకో ఖాతాలో ఉంటుందో! ఎంపికయ్యాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయించాలి. అది మర్చిపోతే ఆ ఏడాదికి అంతే. పదో తరగతిలో 60 శాతం తగ్గకూడదు, లేకపోతే ఇంటర్‌కు రాదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 55.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు సచివాలయంలో ఇప్పుడే పెట్టుకోండి. ఆదాయం పత్రం ఎప్పటికప్పుడు కొత్తది అడుగుతారు కాబట్టి ఆ రసీదు నంబరు దాచండి, రెండోసారి పని సులువవుతుంది. ఇంకో కాగితం ఎవరూ ముందుగా చెప్పరు: ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడు ఎక్కడ చదివిందో స్టడీ సర్టిఫికెట్లు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ నాడు కావాలి. బడి మారిన ప్రతిసారీ టీసీతో పాటు అడిగి తీసుకోండి. కౌన్సెలింగ్ రోజున పాత బడి కోసం పరిగెత్తే తండ్రులను చూడలేక చెబుతున్నాను.

ఇక చదువు. ఎన్‌ఎంఎంఎస్‌లో రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు, గంటన్నర. ఒకటి బుర్రకు పదును పెట్టేది, అంటే సంఖ్యల వరసలు, బొమ్మల వరసలు, కోడింగ్ (అక్షరాలకు బదులు సంకేతాలు), క్యాలెండర్ లెక్కలు. పిల్లలు దీన్ని ఆటలా చేస్తారు. రెండోది సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలే. కోచింగ్ అక్కర్లేదు, పాత ప్రశ్నపత్రాలు చాలు. మీ హెడ్మాస్టర్ గారిని అడిగితే అక్కడే ఉంటాయి.

అయితే రేపు కాలేజీలో మీ పాపను నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోవడం. దీనికి మీ కుట్టు మిషనే ట్యూషన్ సెంటరు. మన పిల్లల పాఠ్యపుస్తకాలు చూశారా, ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ అదే పాఠం తెలుగులో. రాత్రి మీరు కుడుతుంటే పాప పక్కన కూర్చుని తెలుగు పేజీ మీద అట్టముక్క పెట్టి, సైన్సు పాఠంలో ఒక్క పేరా ఇంగ్లిషులో చదివి మీకు తెలుగులో చెప్పాలి. తర్వాత అట్ట తీసి తెలుగు పేజీతో మీరు సరిచూడండి. మీకు ఇంగ్లిషు రాకపోయినా తప్పు పట్టగలరు. పదిహేను నిమిషాల పని. ఏడాది చేస్తే ఇంటర్లో ఫిజిక్స్ పుస్తకం చూసి భయపడదు. లెక్కల్లో భిన్నాలు, రుణ సంఖ్యలు తడబడకుండా చేస్తోందా అని టీచర్ని అడగండి. నా దగ్గరకొచ్చిన ఇంటర్ పిల్లల్లో సగం మంది ఆగిపోయేది అక్కడే, కాలిక్యులస్ దగ్గర కాదు.

ఐఐటీ గురించి పాప అడిగితే నిజం చెప్పండి. సీటు కష్టం. ఫీజు మాత్రం మనం భయపడినంత కాదు. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపైతే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, లక్ష నుంచి 5 లక్షల లోపైతే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీలకు అసలు ఉండదు. ఆ విషయం తెలియక ‘మనకెందుకులే’ అనుకున్న ఇళ్లు బోలెడు.

ప్రశ్న: టీచర్ గారూ, మా వాడు పదో తరగతి. ఈ మధ్య ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి, ఇప్పుడే 5 వేలు కట్టి సీటు బుక్ చేసుకుంటే ఫీజులో తగ్గింపు అన్నాడు. కౌలు రైతును. వాడేమో పాలిటెక్నిక్ అంటాడు, సారు ట్రిపుల్ ఐటీ అంటారు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, పొదిలి

జవాబు: అయ్యా, ముందు ఆ 5 వేలు కట్టకండి. పీఆర్వోకు ఎన్ని అడ్మిషన్లు తెస్తే అంత లెక్క. ఫలితాలు రాకముందు సీటు బుక్ చేసుకునే అవసరం వాళ్లకుంది, మీకు లేదు. కట్టి ఉంటే రసీదు అడగండి. ఒరిజినల్ మెమోలు మాత్రం ఎవరికీ ముందుగా ఇవ్వొద్దు, తర్వాత తీసుకోవడం నరకం.

మీ వాడు మూడు చోట్లా ప్రయత్నించొచ్చు, ఒకటి అనుకుంటే ఇంకోటి మానుకోవాల్సిన పని లేదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ 120 ప్రశ్నలు, రెండు గంటలు, అన్నీ పదో తరగతివే: లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. పదికి చదివిందే దీనికి చదివినట్టు. ఏపీఆర్‌జేసీ రాస్తే హాస్టల్‌తో ఉచితంగా ఇంటర్ చదివే రెసిడెన్షియల్ కాలేజీల్లో సీటు. ట్రిపుల్ ఐటీకి వేరే ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం నాలుగూ ఉన్నాయి. అక్కడ ఆరేళ్లు, మొదటి రెండు ఇంటర్‌కు సమానం, తర్వాత నాలుగు బీటెక్. 15 ఏళ్ల పిల్లాడు ఆరేళ్లు ఇల్లొదిలి ఉండగలడా అనేది మీకే తెలుస్తుంది. నా విద్యార్థుల్లో మొదటి దసరాకి పెట్టె సర్దుకుని వచ్చేసిన వాళ్లూ ఉన్నారు, ఉద్యోగంలో చేరి తమ్ముణ్ణి చదివిస్తున్న వాళ్లూ ఉన్నారు.

పాలిటెక్నిక్‌ను చిన్నచూపు చూడకండి. మూడేళ్లలో డిప్లొమా చేతికొస్తుంది. ఆ పైన చదవాలనిపిస్తే ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కౌలు ఇంట్లో ఏ ఏడు పంట ఎలా ఉంటుందో చెప్పలేం కాబట్టి, మధ్యలో ఆగినా చేతిలో ఒక డిప్లొమా ఉండే దారి నాకైతే మంచిదనిపిస్తుంది. మీ సారు దీనికి ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఇద్దరం కొట్లాడుకుంటాం, మీరు మాత్రం మూడింటికీ దరఖాస్తు పెట్టించండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నేను చదివిన పల్లె హైస్కూల్‌కి ఏదైనా చేయాలని ఉంది. స్నేహితులం నలుగురం కలిసి స్కూల్ బ్యాగులు, రెండు ట్యాబులు ఇద్దామనుకుంటున్నాం. మీ సలహా?
– ఒక పూర్వ విద్యార్థి

జవాబు: బాబూ, బ్యాగులు ప్రభుత్వం ఇస్తూనే ఉంది. ట్యాబులు హెడ్మాస్టర్ గారి బీరువాలో భద్రంగా ఉంటాయి, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నేనేమీ వెటకారం చేయడం లేదు, నా చేత్తో తాళం వేసినవీ ఉన్నాయి.

మీ నలుగురి దగ్గర ఉన్నదీ మా బళ్లో లేనిదీ ఒక్కటే. ఆన్‌లైన్ ఫారం చూసి జంకకుండా నింపే చేయి. ఏటా జూన్‌లో బడి తెరిచాక ఏదో ఒక శనివారం లాప్‌టాప్‌తో వెళ్లండి. ముందే హెడ్మాస్టర్ గారికి ఫోన్ చేసి ఎనిమిదో తరగతి పిల్లలను ఆధార్, పాస్‌బుక్కుతో రమ్మనండి. పేర్లు సరిచూసి, తేడా ఉన్నవాళ్ల జాబితా రాసి సారు చేతిలో పెట్టండి. ఎన్‌ఎంఎంఎస్ నోటిఫికేషన్ వచ్చాక ఇంకోసారి వెళ్లాలి. పరీక్ష రోజు సెంటరు దూరమైతే ఒక ఆటో మాట్లాడండి. నేను చూసిన పిల్లల్లో హాల్ టికెట్ ఉండి కూడా ఆ పొద్దున తోడు వచ్చేవాళ్లు లేక ఇంట్లోనే ఉండిపోయిన వాళ్లున్నారు.

పదో తరగతి పిల్లలకు పాలిసెట్, ఇంటర్ పిల్లలకు ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ దరఖాస్తు ఫీజులు, ఫొటోల ఖర్చు, జిరాక్సులు, కౌన్సెలింగ్ రోజు బస్సు చార్జీలు పెట్టుకోగలిగితే ఇంకేం కావాలి. ఆ డబ్బు తండ్రి చేతికి ఇచ్చేటప్పుడు ఊళ్లో అందరి ముందూ ఫొటో తీయకండి. ఇంకో మాట, పల్లె బళ్లో ప్రింటర్ ఉన్నా ఇంకు ఉండదు. ఒక కాట్రిడ్జ్ పట్టుకెళ్లండి.