పుల్లీ మీద సుత్తె పడనీయకు

బిడ్డా,

కర్రను గిర్రున తిప్పుతూ ఉలితో చెక్కే తాత లేత్ మిషన్‌ను మళ్లీ నడిపిస్తానన్నావని మీ బాపు ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం. గోనెసంచుల కింద ఇన్నేళ్లు పడున్న ఆ మిషన్‌ను పాత ఇనుముకు అమ్మేద్దామన్నది నేనే. వద్దని అడ్డం పడ్డది నువ్వు.

మామూలు పనులు నీకు తెలుసు. తుప్పుకు కిరోసిన్ పెట్టు, ఇరుసును పట్టి ఉంచే బుష్‌లకు రోజూ నూనె పోస్తూ ఉండు. కొత్త మోటార్ నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. దానికి 4 అంగుళాల పుల్లీ, అదే బెల్టు తిరిగే చక్రం, మిషన్‌కు 8 అంగుళాలది ఉంటే వేగం 720కి దిగుతుంది. మంచం కోళ్లు పట్టడానికి మొదట్లో అది చాలు.

కానీ పుల్లీ రావట్లేదని, సుత్తెతో నాలుగు వేస్తే వస్తుందని మెకానిక్ అన్నాడట. అందుకే ఈ ఉత్తరం.

1986 ఎండాకాలం. పెళ్లిళ్ల రోజులు. వరంగల్ నుంచి పందిరి మంచాల ఆర్డర్లు మీద పడి ఉన్నాయి. బుష్ అరిగి షాఫ్ట్, అదే ఇరుసు, ఊగుతోంది. అది మార్చాలంటే పుల్లీ ఊడాలి. ఎంత లాగినా రాదు. తాత ఊళ్లో లేడు. సమ్మెట తెచ్చి అంచు మీద కొట్టాను. అది బీడు ఇనుము బిడ్డా, వంగదు, పగులుతుంది. మూడో దెబ్బకు వెంట్రుకంత గీత పడింది. అప్పుడు వేలితో మడ్డి గీకి చూస్తే కింద పుల్లీని షాఫ్ట్‌కు బిగించిన చిన్న స్క్రూ! అది విప్పగానే పుల్లీ చేతికి వచ్చింది.

తాత తిడతాడని ఎవరికీ చెప్పలేదు. మామూలు రాడ్‌తో వెల్డింగ్ పెట్టించి, పైన నల్లరంగు పూశాను. బీడుకు అట్లాంటి అతుకు నిలవదు. చల్లారేటప్పుడే పక్కన చీలుతుంది. చీలిక రంగు కింద దాక్కుంది. నాలుగో రోజు మీ బాపు మంచం కోడు చెక్కుతుంటే పుల్లీ పగిలి ముక్క ఎగిరింది. ఆయన ఎడమచేతి చూపుడు వేలు వంకర దానివల్లే. చిన్నప్పుడు నువ్వు అడిగితే చింతచెట్టు మీంచి పడ్డానని చెప్పేవాడు కదా, నన్ను కాపాడటానికే ఆ మాట చెప్పాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్నేమీ అనలేదు.

నీకు చెయ్యి ముఖ్యం, మిషన్ తర్వాత. చున్నీతో దాని దగ్గరికి వెళ్లావని తెలిస్తే ఊరుకోను. జడ ముడి వేసుకో. గ్లౌజులు వద్దు, తిరిగే కర్ర వాటిని పట్టి లాగుతుంది. బెల్టుకు జాలీ పెట్టించేదాకా స్విచ్ ముట్టుకోకు.

లక్క బొమ్మలు చేస్తానన్నావట. నిర్మల్ వాళ్లు పొనికి కర్రను చెక్కుతారు. నువ్వు చేయాలనుకున్నది ఏటికొప్పాక పద్ధతి. తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఒకసారి వెళ్లి వాళ్ల చేతులు చూసిరా.

తాత ఉలి పిడి మీద ఆయన బొటనవేలు పడి పడి గుంట పడింది. దాన్ని సాండ్‌పేపర్‌తో రుద్దకు. నీ వేలు అందులో పెట్టి చూడు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. పుల్లీని కొట్టకుండా లాగి ఊడదీసే పుల్లర్ తెస్తాను. అంతవరకు స్క్రూ ఎక్కడుందో వెతికి పెట్టు.

మీ పెద్దబాపు