గోడ మీద తెల్లటి పొడి: ముందు కడగడం ఆపు అన్నా

అన్నా, సాగర్‌నగర్‌లో కొత్తగా కట్టిన ఇటుక గోడ మీద తెల్లటి పొడి వస్తోంది, మేస్త్రీ ఏమో నీళ్లతో కడిగేసి ప్లాస్టరింగ్ చేసేద్దాం అంటున్నాడు అన్నావు కదా, ఒప్పుకోకు. అది ఉప్పు. ఇటుకలోనో ఇసుకలోనో కలిపిన నీళ్లలోనో ఉన్న లవణాలు తడితో పాటు పైకొచ్చి, తడి ఆరాక అక్కడే ఉండిపోతాయి. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతాయి. పొడి బ్రష్‌తో దులుపు, గోడ బాగా ఆరనివ్వు, కంగారొద్దు.

ఇప్పుడు ఆ ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందో, ఆ దొంగని పట్టాలి. మిగిలిన ఇటుకని పళ్లెంలో నిలువుగా పెట్టి 25 మిల్లీమీటర్ల లోతు నీళ్లు పోసి (బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్, బోరు నీళ్లు పోస్తే పరీక్షే దండగ), అంతా పీల్చుకుని ఆరాక ఇంకోసారి అలాగే చెయ్యి. ఇటుక పైభాగంలో తెలుపు 10 శాతం లోపు కనిపిస్తే ఫర్వాలేదు, సగం పైన కమ్మేస్తే ఆ లోడు వెనక్కి పంపెయ్.

ఇటుక శుభ్రంగా తేలితే నా అనుమానం నీళ్ల మీదే, సముద్రం పక్కనే కదా. నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలే బోరు నీళ్లు మాలు (సిమెంటు, ఇసుక) కలపడానికి, క్యూరింగ్‌కి (కట్టాక గోడ తడపడానికి) అసలు వాడొద్దు, ట్యాంకరు తెప్పించు. బీచ్ ఇసుక చవగ్గా వస్తుందన్నా సరే, వద్దు.

పొడి కింద నుంచి రెండడుగుల ఎత్తు వరకే ఉందా, గోడంతా ఉందా? ఫొటో పెట్టు. కిందే ఉంటే పునాది తడి ఎక్కుతోందేమో, అప్పుడు కథ వేరు.