చెన్నై ఆసుపత్రుల్లో నర్సులు పెద్ద వయసు రోగులను సరిగా చూసుకుంటారా?

మీ నాన్నగారికి 79 ఏళ్లు, తుంటి ఆపరేషన్‌కు చెన్నై తీసుకెళ్తున్నారు, అక్కడి నర్సులు ముసలివాళ్లను విసుక్కుంటారని ఎవరో చెప్పారు, నిజమేనా అని అడిగారు.

నేను చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎముకల వార్డులో పదకొండేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. విసుగు ఉంటుంది, కాదనను. రాత్రి డ్యూటీలో ఇరవైమందికి ఇద్దరమే ఉన్నప్పుడు ఒకే మంచం నుంచి నాలుగోసారి బెడ్‌పాన్ పిలుపు వస్తే మొహం చిట్లించని వాళ్లకు దండం పెట్టాలి. అయితే నేను చూసినంతలో పెద్దవాళ్లకు మా విసుగు కంటే మా తెలియనితనమే ఎక్కువ చేటు చేసింది.

ఉదయగిరి వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. తమిళం ఒక్క ముక్క రాదు. మా వార్డు అమ్మాయిలు ఆవిడను ముద్దుగా ‘పాట్టి’ అని పిలిచేవారు, అంటే అవ్వ అని. రెండో రోజు ఆవిడ నన్ను దగ్గరకు పిలిచి, “నేనేపాటి దాన్నయినా నాకూ ఒక పేరుందమ్మా” అంది. నవ్వు ఆపుకోలేకపోయాను.

అంత చురుకైన మనిషి మూడో రాత్రి సెలైన్ సూది పీకేసి, గేదె కట్టు తెంచుకుంది, దూడ పాలన్నీ తాగేస్తోంది అంటూ మంచం దిగబోయింది. వయసు కదా, మతి చలించింది అనుకున్నాం. గాజుగుడ్డతో ఆవిడ రెండు చేతులూ మంచం కడ్డీకి కట్టింది నేనే. కేస్ షీటులో ‘రోగి సహకరించడం లేదు’ అని రాసిందీ నేనే.

తెల్లవారి వచ్చిన డ్యూటీ డాక్టరు కుర్రవాడు. “మొన్న ఎలా ఉన్నారు ఈవిడ?” అని అడిగాడు. పాట్టి సంగతి చెప్పాను. అతను నవ్వలేదు. మూత్రానికి, రక్తంలో సోడియానికి పరీక్షలు రాశాడు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం బాగా తక్కువ. జ్వరం మాత్రం లేదు. ఆ వయసులో ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్లు వెచ్చబడకపోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆపరేషన్ నాడు వేసిన మూత్రం గొట్టం ఇంకా తీయలేదు. కళ్లజోడు కొడుకు సంచిలో, చెవి మిషను సొరుగులో ఉన్నాయి. నాలుగు రోజుల్లో ఆవిడ మామూలు మనిషైంది. గేదె గొడవ ఏమీ గుర్తులేదు. చేతులు కట్టడం గుర్తుంది.

ఇలా హఠాత్తుగా మతి తప్పడాన్ని డెలీరియం అంటారు. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, పూటపూటకూ మారుతుంది. మతిమరుపు జబ్బులా ఏళ్ల తరబడి మెల్లగా ముదిరేది కాదు. కేకలు వేసేవాళ్లలోనయినా దీన్ని గుర్తుపడతాం. పలకకుండా, తినకుండా, పగలంతా మగతగా పడుకునే రకం కూడా ఇదే. వాళ్లను మేము ‘మంచి పేషెంటు’ అని మెచ్చుకుంటాం!

ఆ తరువాత ఎప్పుడో ఒక శిక్షణ తరగతిలో, అమెరికా సామాజిక శాస్త్రవేత్త పాల్మోర్ 1977లో తయారుచేసిన 25 తప్పొప్పుల పరీక్ష మా చేత రాయించారు. 65 దాటినవాళ్లలో ఎక్కువమందికి మతి సరిగా ఉండదు అన్నది అందులో మొదటి వాక్యం. నేను ‘ఒప్పు’ అని పెట్టాను. మొత్తం మీద 13 సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసి రాసినా అన్నే వచ్చేవి. విచిత్రం ఏమిటంటే, 1978లోనే డాక్టర్ వి.ఎస్. నటరాజన్ చొరవతో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో వృద్ధులకు విడిగా ఓపీ మొదలైన ఊరు ఇది. గిండీలో 2024 నుంచి వాళ్ల కోసమే 200 పడకల ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఉంది. కానీ మీ నాన్నగారు చేరేది ఎముకల వార్డులో కదా.

అందుకని కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు ఇంట్లో వదిలి వెళ్లకండి, చేతికందేలా పెట్టండి. వేసుకునే మందులన్నీ, నిద్రమాత్రతో సహా, కాగితం మీద రాసి ఇవ్వండి. మూత్రం గొట్టం ఎప్పుడు తీస్తారని రోజూ అడగండి, విసుక్కున్నా సరే. రాత్రి తోడుగా తెలుగు మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి. ఆయన హఠాత్తుగా తేడాగా మాట్లాడినా, మాటే తగ్గించినా, “నిన్నటిదాకా ఇలా లేరు సిస్టర్” అని గట్టిగా చెప్పండి. మా చెవికి ఎక్కే మాట అదే. “వయసు కదా” అని మీరే మాకు అందించకండి. ఆయన్ను ఏమని పిలిస్తే పలుకుతారో కూడా మొదటి రోజే చెప్పేయండి.