మాట వెనుక మనిషి: బాయ్‌కాట్

ప్రశ్న: శాసనసభ వార్తల్లో ఒకరోజు ‘వాకౌట్’ అనీ, మరొకరోజు ‘బాయ్‌కాట్’ అనీ రాస్తున్నారు. రెండూ ఒకటేనా? బాయ్‌కాట్ అనే క్రియ ఎలా పుట్టింది?

జవాబు: రెండూ ఒకటి కావు. సభలో కూర్చున్నవారు ఒక అంశంపై నిరసనగా లేచి వెళ్లిపోతే అది వాకౌట్. ఫలానా సభతోనో, మనిషితోనో, సరుకుతోనో తమకు ఏ సంబంధమూ వద్దని పదిమందీ కూడబలుక్కుని దూరంగా ఉండిపోతే అది బాయ్‌కాట్.

ఈ క్రియకు లాటిన్, గ్రీకు ధాతువులేవీ లేవు. ఇది ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ అనే ఆంగ్లేయుడు సైన్యం నుంచి తప్పుకుని, ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటుగా కౌళ్లు వసూలు చేసేవాడు. పంటలు దెబ్బతిన్నాయి, కౌలు నాలుగోవంతు తగ్గించండని 1880లో రైతులు కోరగా, భూస్వామి పదోవంతుకు మించి తగ్గించనన్నాడు. కౌలు చెల్లించని వారిని ఖాళీ చేయించడానికి బాయ్‌కాట్ నోటీసులు పంపాడు. పేదవాడిని వెళ్లగొట్టిన భూమిని తీసుకున్నవాడిని దారిలోనూ, దుకాణంలోనూ, చివరికి చర్చిలోనూ పలకరించవద్దని జాతీయ నాయకుడు పార్నెల్ ఆ సెప్టెంబరులోనే ఎన్నిస్ సభలో చెప్పి ఉన్నాడు. రైతులు ఆ పద్ధతిని ఏజెంటు మీదే ప్రయోగించారు. పొలం కూలీలూ, ఇంటి పనివారూ పని మానేశారు. దగ్గరి ఊరైన బాలిన్‌రోబ్‌లో దుకాణదారులు సరుకు అమ్మలేదు. చేలో ఉన్న పంట తీయడానికి ఐర్లండ్ ఉత్తర ప్రాంతం నుంచి 50 మందిని రప్పించి, వారికి సైనికులనూ పోలీసులనూ కాపలా పెట్టవలసి వచ్చింది. సుమారు 500 పౌండ్ల పంట కోసం 10,000 పౌండ్ల దాకా ఖర్చయిందని అప్పటి లెక్క. డిసెంబరు మొదట్లోనే బాయ్‌కాట్ ఐర్లండ్ విడిచి వెళ్లిపోయాడు.

అప్పటికే ఆయన పేరు క్రియగా మారిపోయింది. వెలివేతకు ఇంగ్లీషులో ఉన్న గ్రీకు మూలం మాట పల్లె రైతుల నోట తిరగదని, దానికి బదులు జాన్ ఓమాలీ అనే మతగురువు ఈ పేరును సూచించాడని అమెరికన్ విలేఖరి రెడ్‌పాత్ రాశాడు. కొద్దికాలానికే ఫ్రెంచ్, జర్మన్, రష్యన్ భాషలు కూడా దీనిని సొంతం చేసుకున్నాయి. 1905లో బెంగాల్ విభజనకు నిరసనగా విదేశీ వస్త్రాల మీద ఈ ఆయుధాన్ని ఎత్తారు; 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రిలోనూ ఇతర ఆంధ్ర పట్టణాల్లోనూ చేసిన ప్రసంగాలతో ఆ పిలుపు తెలుగువారికి మరింత చేరువైంది.

తెలుగులో దీనికి ‘బహిష్కరించు’ అని రాయడం సరైనదే. అయితే ఊరి పెత్తందార్లు ఒక దళిత కుటుంబానికి కూలి పనులూ, అంగడి సరుకులూ దక్కకుండా చేసినప్పుడు కూడా మన పత్రికలు అదే మాట వాడుతున్నాయి. మేయోలో బలవంతుడి మీద పేదలు చేసిన పనికీ దీనికీ పోలిక లేదు కనుక, దానిని వెలివేత అనే రాయాలి.